వియన్నాలో ఒక్క రోజు, పదకొండు చోట్ల జాబితా

వేసవి సెలవులు దగ్గరపడుతున్న కొద్దీ బెంగళూరు పాఠకుల నుంచి ఐరోపా ప్రయాణాల గురించి ఉత్తరాలు ఎక్కువయ్యాయి. ఈ నెల వచ్చినవాటిలో నాలుగు ఆస్ట్రియా రాజధాని వియన్నా నగరానికి సంబంధించినవే కావడంతో, ఈసారి ప్రశ్నలూ జవాబులూ పూర్తిగా ఆ ఊరికే కేటాయిస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను, ఎందుకంటే మిగిలిన ముగ్గురి ఇబ్బందికీ మూలం అందులోనే ఉంది.

*

ప్రశ్న: మా వారికి మే నెలాఖరులో ఆఫీసు పని మీద వియన్నాలో వారం రోజులు ఉంది. పిల్లలకు సెలవులు కనుక మేమూ వెంట వెళ్తున్నాము. మా అత్తగారికి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పుల వల్ల మెట్లు ఎక్కలేరు. మా అమ్మాయికి పన్నెండేళ్ళు, వయొలిన్ నేర్చుకుంటోంది. బాబుకు అయిదేళ్ళు. శుక్రవారం దిగుతాము, మా వారికి ఖాళీ దొరికేది మర్నాడు శనివారం ఒక్కటే. ఆ రోజు అందరం కలిసి తీరికగా ఊరు చూడాలని మా కోరిక. మా బావగారు పంపిన జాబితాలో పదకొండు చోట్లు ఉన్నాయి. వాటిలో ఏవి వదిలెయ్యవచ్చు?
– ఒక గృహిణి, రాజాజీనగర్

జవాబు: అమ్మా, తొమ్మిది వదిలెయ్యండి. ఉదయం ఒక చోటు, సాయంత్రం ఒక చోటు, మధ్యలో గదికి వచ్చి నడుం వాల్చడం. మీ కుటుంబానికి ఆ రోజు పట్టేది అంతే. జాబితా పంపిన మీ బావగారి మంచి మనసును నేను కాదనడం లేదు, ఆయన బహుశా తన ఈడు స్నేహితులతో తిరిగి ఉంటారు. మీరు వెళ్ళేది మెట్లెక్కలేని పెద్దావిడతోనూ, గంటకొకసారి ఆకలి వేసే పసివాడితోనూ. ఇంటిల్లిపాదీ తిరిగే రోజున అందరిలోకీ నెమ్మదిగా నడిచేవారి అడుగును బట్టే మిగతావారు నడవాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి నాకు కారణం ఉంది. నేను మొదటిసారి ఆ ఊరు చూసింది మా అమ్మగారితో కలిసి, ఒక యాత్రా సంస్థ వారి బస్సులో. ఒకే రోజు తొమ్మిది చోట్లు చూపిస్తామన్నారు, మాట ప్రకారం చూపించారు కూడా. షోన్‌బ్రున్ రాజభవనం దగ్గర బస్సు ఆపి, నలభై నిమిషాల్లో తిరిగి వచ్చెయ్యాలన్నారు. అప్పటికే పాదాలు వాచిపోయిన మా అమ్మగారు, ‘మీరు వెళ్ళి చూసి రండి నాయనా, నేను ఇక్కడి నుంచే చూస్తాను’ అని కిటికీ పక్కన కూర్చుండిపోయారు. ఆ కిటికీలోంచి కనిపించేది బస్సులు నిలిపే స్థలం, దాని అవతల కొంచెం గోడ. ఆ తరువాత నేను మరో రెండుసార్లు వియన్నా వెళ్ళాను కానీ ఆవిడ మళ్ళీ రాలేకపోయారు. ఆవిడ చూసిన షోన్‌బ్రున్ ఆ గోడ ఒక్కటే. మీ అత్తగారికి అలా జరగకూడదు.

ముందుగా గడియారం సంగతి చూసుకోండి, ఎందుకంటే మీరు దిగిన మర్నాడే తిరుగుతున్నారు. మే నెలలో వియన్నా మనకంటే మూడున్నర గంటలు వెనుక ఉంటుంది. మీ బాబు ఇక్కడ ఉదయం ఏడున్నరకు లేచేవాడైతే అక్కడ తెల్లవారుజామున నాలుగింటికే లేచి కూర్చుంటాడు. రాత్రి తొమ్మిదిన్నరకు పడుకునేవాడైతే సాయంత్రం ఆరింటికే కళ్ళు మూతలు పడతాయి. చాలామంది ఈ లెక్క మరచిపోయి పదింటికి తాపీగా బయలుదేరి, సాయంత్రం అసలైన సందడి మొదలయ్యే వేళకు ఏడ్చే పిల్లవాడిని భుజాన వేసుకుని తిరుగుతారు. మీరు ఆ లెక్కను మీకు అనుకూలంగా తిప్పుకోండి. మే నెలాఖరులో అక్కడ అయిదింటికల్లా తెల్లవారుతుంది. ఎలాగూ లేచే ఉంటారు కనుక ఏడున్నరకల్లా షోన్‌బ్రున్ చేరుకోండి. రాజభవనం తలుపులు ఎనిమిదిన్నర ప్రాంతంలో తీస్తారు కానీ, చుట్టూ ఉన్న తోటను ఆరున్నరకే తెరుస్తారు, దానికి టికెట్ కూడా లేదు. యూ4 అనే ఆకుపచ్చ లైను మెట్రోలో వెళ్తే ఆ పేరుతోనే స్టేషన్ ఉంది. వియన్నా మెట్రో స్టేషన్లన్నిటికీ లిఫ్టు ఉంటుంది కనుక మీ అత్తగారి మోకాళ్ళకు భయం లేదు.

ఆ పొద్దుటి వేళ తోట మనకు బాగా తెలిసిన చోటులాగానే అనిపిస్తుంది. బస్సుల్లో వచ్చేవారు ఇంకా రారు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు పరుగులు తీస్తూ, ముసలివాళ్ళు బెంచీల మీద కూర్చుని మాట్లాడుకుంటూ, మన లాల్‌బాగ్‌లో ఆరు గంటలకు కనిపించే దృశ్యమే కనిపిస్తుంది. లాల్‌బాగ్ గాజు భవనానికి 1889లో పునాది వేశారు. షోన్‌బ్రున్ తోటలో ఇనుముతోనూ గాజుతోనూ కట్టిన తాటిచెట్ల భవనం 1882 నాటిది. దూరపు ఉష్ణదేశాల చెట్లను మంచు కురిసే ఊళ్ళో బతికించుకోవడానికి వాళ్ళు కట్టుకున్న గాజు ఇల్లు అది. లాల్‌బాగ్ తెలిసిన మీ అత్తగారికి దాన్ని బయటి నుంచి చూపించి ఈ మాట చెప్పండి, ఆవిడకు ఊరు ఒక్కసారిగా దగ్గరవుతుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. అక్కడి బాటలు చదునుగానే ఉంటాయి కానీ కంకర పరిచి ఉంటుంది, పలుచటి చెప్పులతో కాలు నిలవదు. ఆవిడకు అడుగు మందంగా ఉన్న బూట్లు ఇక్కడే కొని, ప్రయాణానికి పదిహేను రోజుల ముందు నుంచీ వేయించి అలవాటు చేయించండి. చీర మీదకు బాగుండవని ఆవిడ మొహమాటపడినా వినకండి.

తోట చివర గుట్ట మీద కనిపించే స్తంభాల మంటపం పేరు గ్లోరియెట్. దాన్ని 1775లో కట్టారు. అక్కడి నుంచి ఊరంతా కనిపిస్తుందని అందరూ ఎక్కుతారు, మీ అత్తగారు ఎక్కనక్కర లేదు. తోటలో వేసవి నెలల్లో ఒక చిన్న రోడ్డు రైలు అక్కడక్కడా ఆగుతూ చుట్టూ తిరుగుతుంది, ఆవిడనూ బాబునూ అందులో ఎక్కించండి. గుట్ట కింద 1780లో కట్టిన నెప్ట్యూన్ ఫౌంటెన్ దగ్గర కూర్చున్నా చాలు, రాజభవనం మొత్తం ఎదురుగా పరుచుకుని కనిపిస్తుంది.

ఇక రాజభవనం లోపలి సంగతి. అందులో 1,441 గదులు ఉన్నాయి, జనానికి చూపించేది నలభై దాకా. వాటిలోనూ తక్కువ గదులు చూపించే చిన్న టికెట్ ఒకటి ఉంది, అదే తీసుకోండి. ప్రవేశానికి సమయం కేటాయిస్తారు కనుక ఇక్కడి నుంచే బుక్ చేసుకుని వెళ్ళండి. లోపల మీ అమ్మాయికి ఒక మాట చెప్పాలి. తరువాత ప్రపంచ ప్రసిద్ధ సంగీతకారుడైన మోజార్ట్, 1762లో ఆరేళ్ళ పిల్లవాడుగా ఈ భవనంలోనే మహారాణి మరియా థెరిసా ఎదుట వాయించాడు. అప్పుడు ఆ అబ్బాయి మీ బాబుకంటే ఒక్క ఏడాదే పెద్ద. వయొలిన్ ఆకారంలో కట్టిన చౌడయ్య మెమోరియల్ హాల్ ఉన్న ఊరి నుంచి, వయొలిన్ నేర్చుకుంటున్న అమ్మాయి ఆ గదుల్లో నడుస్తుంటే, ఈ ఒక్క సంగతి ఆమెకు మిగతా వివరాలన్నిటికంటే ఎక్కువ గుర్తుంటుంది.

బాబు మాత్రం మూడో గదిలోనే విసిగిపోతాడు. ఇక్కడ కుటుంబం రెండుగా విడిపోవడంలో తప్పేమీ లేదు. మీరూ, అత్తగారూ, అమ్మాయీ గదులు చూస్తూ ఉండగా మీ వారు బాబును తీసుకుని అదే తోటలో ఉన్న జంతుప్రదర్శనశాలకు వెళ్ళవచ్చు. 1752లో మొదలైన ఆ జూ నేటికీ నడుస్తున్న జూలన్నిటిలోకీ ప్రపంచంలో పాతది. దాన్ని మొత్తం చూడాలంటే పూట చాలదు, కాబట్టి ఏనుగులు, పాండాలు, ఇంకొకటేదైనా అని బాబు చేతనే మూడు ఎంపిక చేయించి అంతటితో బయటకు తీసుకురమ్మనండి. పదకొండున్నరకు అందరూ ఫౌంటెన్ దగ్గర కలుసుకుని, ఏదైనా తిని, గదికి వెళ్ళిపోండి.

మధ్యాహ్నం రెండు గంటల పాటు ఖచ్చితంగా పడుకోవాలి. ఇన్ని డబ్బులు పోసి వచ్చి పగటిపూట నిద్రపోవడమా అని మీ వారు అనవచ్చు. ఆ నిద్ర లేకపోతే సాయంత్రం లేదని ఆయనకు ఇక్కడే చెప్పి ఒప్పించండి.

సాయంత్రం నాలుగున్నరకు మెట్రోలో కార్ల్స్‌ప్లాట్స్ స్టేషన్‌కు వచ్చి, పక్కనే ఉన్న ఒపేరా భవనం ముందు ట్రామ్ ఎక్కండి. బెంగళూరులో రింగ్ రోడ్డు అంటే మనకు తోచే అర్థం వేరు. వియన్నా రింగు, పాత ఊరి చుట్టూ ఒకప్పుడు ఉన్న కోటగోడ స్థానంలో వేసిన చెట్ల రహదారి. 1683లో తురుష్క సేనల ముట్టడికి తట్టుకుని నిలబడిన గోడ అది. కాలం మారి ఊరు గోడలు దాటి పెరిగిపోయాక, 1857లో ఫ్రాన్జ్ జోసెఫ్ చక్రవర్తి దాన్ని కూల్చమని ఆజ్ఞ ఇచ్చాడు. 1865లో రహదారిని ప్రారంభించారు. దాని పొడవు అయిదు కిలోమీటర్ల పైచిలుకు. ఒపేరా 1869లో, పార్లమెంటు 1883లో, బుర్గ్ థియేటర్ 1888లో, కళాచరిత్ర మ్యూజియం 1891లో, ఇలా ఒక్క తరం కాలంలో దాని పొడవునా పెద్ద పెద్ద భవనాలు లేచాయి. ఇప్పుడు ఏ ఒక్క సిటీ ట్రామూ రింగును పూర్తిగా చుట్టి రాదు, 1, 2 నంబర్ల ట్రాములు చెరో భాగం నడుస్తాయి. కిటికీ పక్కన కూర్చుని చూస్తే మీ బావగారి జాబితాలోని సగం భవనాలు మోకాలికి పని చెప్పకుండానే కళ్ళ ముందు నుంచి సాగిపోతాయి. లోపలికి వెళ్ళి చూడలేదే అన్న బెంగ పెట్టుకోకండి, ఆ వీధిని కట్టించిందే ఠీవిగా సాగిపోతూ చూడడానికి.

పార్లమెంటు దాటాక దిగితే ఎదురుగా ఫోల్క్స్‌గార్టెన్ అనే తోట. 1823లో జనానికి తెరిచిన ఈ తోట గులాబీలకు పేరు పొందింది, మే నెలాఖరుకు పూలు విచ్చుకుని ఉంటాయి. అక్కడ ఒక పని చేయండి. నిలువుగా పెంచిన గులాబీ మొక్కల దగ్గరకు వెళ్ళి వంగి చూస్తే, చాలా మొక్కలకు బొటనవేలంత రేకు పలకలు కనిపిస్తాయి. ఎవరో తల్లికి పుట్టినరోజని, ఎవరో తమ పెళ్ళిరోజని, ఎవరో పోయినవారి జ్ఞాపకమని ఆ మొక్క పోషణకు డబ్బు కట్టి రెండు మాటలు చెక్కించుకున్నవి. మీ అమ్మాయి ఫోన్‌తో అనువాదం చేసి చదివి వినిపిస్తుంటే మీ అత్తగారు ఆ తోటలోంచి కదలరు. నా మూడో ప్రయాణంలో నేను ఒక్కొక్క పలకే చదువుతూ గంటసేపు ఉండిపోయాను, మా అమ్మగారు ఉంటే ఎంత బాగుండేదని అనుకోని మొక్క లేదు.

చివరగా దగ్గర్లోని ఏదైనా పాత కాఫీ హౌస్‌లో కూర్చోండి. దర్శినిలో నిలబడి నాలుగు గుక్కల్లో ఫిల్టర్ కాఫీ తాగి వచ్చే మనకు ఆ పద్ధతి కొత్తగా ఉంటుంది. నురగ పాలు పోసిన ‘మెలాంజ్’ అడిగితే చిన్న లోహపు పళ్ళెంలో కప్పు, పక్కనే గ్లాసుతో మంచినీళ్ళు, ఆ గ్లాసు మీద బోర్లించిన చెంచా వస్తాయి. ఒక్క కాఫీతో ఎంతసేపు కూర్చున్నా లేవమనరు, కర్ర చట్రానికి బిగించిన దినపత్రికలు చదువుకోవచ్చు. ఈ అలవాటును 2011లో ఆస్ట్రియా తన దేశపు అమూర్త వారసత్వ జాబితాలో, అంటే ఆచారాలూ అలవాట్ల జాబితాలో, నమోదు చేసుకుంది. బిల్లు వారంతట వారు తేరు, మీరు అడగాలి. పట్టించుకోవడం లేదని నొచ్చుకోకండి, తొందరపెట్టకపోవడమే అక్కడ మర్యాద. ఆరున్నర, ఏడు గంటలకు బాబు ఒళ్ళో నిద్రపోతే గదికి చేరుకోండి. బయట ఇంకా వెలుగు ఉంటుంది, ఉండనివ్వండి.

జాబితాలో మిగిలినవాటి గురించి రెండు మాటలు. సెయింట్ స్టీఫెన్ చర్చి దక్షిణపు గోపురం ఎక్కడానికి 343 మెట్లు, అది మీవాళ్ళకు వద్దు. ఉత్తరపు గోపురానికి లిఫ్టు ఉంది. 1683 ముట్టడిలో తురుష్కులు వదిలి వెళ్ళిన ఫిరంగులను కరిగించి 1711లో పోసిన గంట, 1945 ఏప్రిల్ అగ్నిప్రమాదంలో పడి పగిలిపోతే, మళ్ళీ పోయించి వేలాడదీసిన ఇరవై టన్నుల గంట అందులో ఉంది. ప్రాటర్ పార్కులోని రంగులరాట్నం 1897 నాటిది, ఎత్తు దాదాపు 65 మీటర్లు. అందులోనివి గదుల్లాంటి పెద్ద పెట్టెలు కనుక మీ అత్తగారు నిశ్చింతగా నిలబడో కూర్చునో తిరగవచ్చు. ఈ రెండింటికీ మీ వారు ఉండనక్కర లేదు, సోమవారం ఒకటి, మంగళవారం ఒకటి మీరే చూపించుకు రాగలరు.

*

ప్రశ్న: మేము గుడ్డు కూడా తినము. ఇంట్లో పెద్దలకు మజ్జిగ అన్నం లేనిదే పూట గడవదు. వియన్నాలో ఒక రోజంతా బయట తిరిగితే తిండి ఎలా?
– ఒక పాఠకుడు, జయనగర్

జవాబు: మాంసం లేనిది దొరకడం సులభం, గుడ్డు లేనిది దొరకడమే కష్టం. ఆస్ట్రియాలో చాలా మెనూల్లో ప్రతి వంటకం పక్కన చిన్న అక్షరాలు ముద్రిస్తారు. అవి అలర్జీ ఉన్నవారి కోసం పెట్టినవి. ఏ అంటే గోధుమ వంటి ధాన్యాలు, సి అంటే గుడ్డు, డి అంటే చేప, జి అంటే పాలు. సి ఉన్నదాన్ని వదిలెయ్యండి. అయితే మాంసానికి అక్షరం ఉండదు, అది నోటితో అడిగే తెలుసుకోవాలి. మాంసాన్ని ‘ఫ్లైష్’ అనీ, గుడ్డును ‘ఐ’ అనీ అంటారు. ‘ఓనె ఫ్లైష్, ఓనె ఐ’ అంటే మాంసమూ గుడ్డూ లేకుండా అని అర్థం. బంగాళాదుంపల మీద కనిపించే చిన్న ముక్కలు ‘ష్పెక్’ అనే పంది మాంసం కావచ్చు. సూప్ చూడడానికి తేటగా కూరగాయలదిలా ఉన్నా చాలా చోట్ల గొడ్డు మాంసపు రసంతో చేస్తారు, అడగకుండా పిల్లల చేతికి ఇవ్వకండి. చక్రవర్తి పేరుతో పిలిచే కైజర్‌ష్మార్న్ అనే తీపి అట్టు ముక్కలు నోరూరిస్తాయి కానీ అందులో గుడ్లు తప్పనిసరి. ఆపిల్ ముక్కలు చుట్టిన ష్ట్రూడెల్ పిండిని కొందరు గుడ్డు లేకుండానే కలుపుతారు, అడిగి తినవచ్చు. మే నెలలో అయితే అక్కడ తెల్ల ఆస్పరాగస్ అనే కూరగాయ కాలం; ఉడికించి వెన్నతో ఇమ్మంటే పెద్దలకు కూడా మెత్తగా ఉంటుంది, పైన గుడ్డుతో చేసే సాస్ వెయ్యవద్దని మాత్రం చెప్పండి.

మజ్జిగ అన్నానికి ‘జోగుర్ట్’ అని రాసి ఉన్న డబ్బా కొనుక్కుంటే చాలు, మన పెరుగుకు దగ్గరగానే ఉంటుంది. కానీ దుకాణాల వేళలు గుర్తుంచుకోండి. శనివారం సాయంత్రం ఆరింటికల్లా మూసేస్తారు; ఆదివారం పెద్ద రైల్వే స్టేషన్లలో తప్ప సరుకుల దుకాణాలు తెరవరు. వంటగది ఉన్న బస తీసుకుని, చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్, ఊరగాయ, పప్పుల పొడి వెంట ఉంచుకుంటే పెద్దలకు పొద్దున్నే కలిపిన అన్నం డబ్బాలో పెట్టుకుని బయలుదేరవచ్చు.

నీళ్ళ సీసాలు కొనకండి. వియన్నా కుళాయి నీళ్ళు ఆల్ప్స్ పర్వతాల ఊటల నుంచి వస్తాయి. 1873లో ఒకటి, 1910లో మరొకటి వేసిన రెండు పొడవాటి కాలువల ద్వారా ఎత్తు నుంచి పల్లానికి తమంత తామే పారి వస్తాయి. కావేరి నీటిని సుమారు 100 కిలోమీటర్ల నుంచి పంపులతో పైకి ఎత్తి తెచ్చుకునే మన ఊరివాళ్ళకు ఆ సంగతి విలువ తెలుస్తుంది. ఖాళీ సీసా ఒకటి సంచిలో ఉంచుకుంటే వీధి కుళాయిల దగ్గర నింపుకోవచ్చు.

*

ప్రశ్న: అక్కడి మెట్రోలో గేట్లే ఉండవని విన్నాము. మరి టికెట్ ఎవరికి చూపించాలి?
– ఒక విద్యార్థిని, మారతహళ్ళి

జవాబు: నమ్మ మెట్రోలో లాగా టోకెన్ చూపిస్తే తెరుచుకునే తలుపులు అక్కడ లేవు. ప్రయాణికుడి నిజాయితీ మీద నమ్మకం ఉంచిన పద్ధతి అది. మామూలు బట్టల్లో ఉన్న తనిఖీదారులు ఎప్పుడైనా వచ్చి అడగవచ్చు, లేకపోతే జరిమానా వంద యూరోలు దాటుతుంది. కాగితం టికెట్ కొంటే మొదటి ప్రయాణానికి ముందు స్టేషన్ ద్వారం దగ్గరి చిన్న యంత్రంలో దూర్చి ముద్ర వేయించుకోవాలి, ముద్ర లేని టికెట్ టికెట్ లేనట్టే లెక్క. 24 గంటల టికెట్ ఒకటి తీసుకుంటే మెట్రో, ట్రామ్, బస్సు అన్నిటికీ చెల్లుతుంది. ఆరేళ్ళు నిండని పిల్లలకు టికెట్ అక్కర లేదు.

*

ప్రశ్న: మా పిల్లలకు తొమ్మిది, పద్నాలుగేళ్ళు. మ్యూజియం అంటే పారిపోతారు. మా అమ్మగారు కూడా మాతో వస్తున్నారు, ఆవిడకూ చిత్రాల గురించి ఏమీ తెలియదు. వియన్నాలో కళాచరిత్ర మ్యూజియం తప్పక చూడాలంటున్నారు. మాలాంటివాళ్ళం వెళ్ళడం వృథా కాదా?
– ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: మొత్తం చూడాలనుకుంటే వృథా. ఒక్క గది కోసం వెళ్ళండి. పందొమ్మిదేళ్ళ లోపు వారికి ప్రవేశం ఉచితం కనుక, గంటలో బయటకు వచ్చినా పిల్లల టికెట్ డబ్బులు పోయాయన్న బాధ ఉండదు.

ఆ గది పీటర్ బ్రూగెల్ అనే చిత్రకారుడిది. 1563 నాటి ‘బాబెల్ గోపురం’, 1565లో వేసిన ‘మంచులో వేటగాళ్ళు’ అనే చిత్రాలు అక్కడే ఉన్నాయి, వాటిని చూడడానికే దేశదేశాల నుంచి వస్తారు. మీరు మాత్రం 1560లో వేసిన ‘పిల్లల ఆటలు’ అనే చిత్రం ముందు నిలబడండి. ఒకటిన్నర మీటర్ల కంటే కొంచెం ఎక్కువ వెడల్పున్న ఆ చెక్క పలక మీద ఒక ఊరి వీధి, అందులో రెండు వందలకు పైగా పిల్లలు, ఎనభై దాకా ఆటలు. పెద్దవాళ్ళ పనులేవీ లేవు, వీధంతా ఆటే. ముందు భాగంలో చక్రాలను కర్రతో తోలుకుంటూ వెళ్ళే పిల్లలు, పీపా మీదెక్కి ఊగేవాళ్ళు, వంగినవాడి వీపు మీదుగా దూకేవాళ్ళు, మరకాళ్ళు కట్టుకుని నడిచేవాళ్ళు, కళ్ళకు గంతలు కట్టుకుని తడుముకునేవాళ్ళు, ఒక వసారాలో బొంగరాలు తిప్పేవాళ్ళు కనిపిస్తారు.

ఇప్పుడు ఎడమవైపు కింది మూలకు రండి. ఇద్దరు ఆడవాళ్ళు నేల మీద కూర్చుని చిన్న ముక్కలతో ఆడుకుంటున్నారు. అవి గొర్రె కాలి ఎముకలు. మన ఇళ్ళలో అయితే గులకరాళ్ళు. ఆ ఆట అచ్చంగిల్లలు. నాలుగున్నర శతాబ్దాల క్రితం మన ఊరి పేరు కూడా విని ఉండని చిత్రకారుడు గీసిన ఆ మూల చూసినప్పుడు, మా చిన్నతనంలో మధ్యాహ్నం అరుగు మీద గచ్చకాయలు ఎగరేసి పట్టుకునే మా మేనత్త చెయ్యి నాకు కళ్ళకు కట్టింది.

పిల్లలకు ముందుగా ఏమీ చెప్పకండి. మన ఊళ్ళో కూడా ఆడే ఆటలు ఎన్ని దొరుకుతాయో వెతకమని ఇద్దరికీ చెరో కాగితమూ పెన్సిలూ ఇచ్చి వదిలెయ్యండి. ఆ గదుల మధ్యలో మెత్తని సోఫాలు ఉంటాయి. మీ అమ్మగారిని చిత్రానికి ఎదురుగా కూర్చోబెట్టండి. పిల్లలకు పేరు తెలియని ఆట తగిలినప్పుడు ‘నాయనమ్మా, ఇదేమిటి?’ అని ఆవిడ దగ్గరకే వస్తారు. ఆవిడ పర్సులో అయిదు గచ్చకాయలు ఇక్కడి నుంచే వేసి తీసుకెళ్ళండి, బయట మెట్ల పక్కనున్న తోటలో వాటితో పని పడుతుంది.